నల్లమ్మ ఎనిమిది ఉండలు

పేడపురుగు కథ చెబుతా. ముక్కు మూసుకునేవాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళండి. సగంలో లేచారంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పాలూ పెరుగూ నెయ్యీ అంటే నోరూరుతుంది గానీ, అదే గొడ్డు తోక కింద నుంచి పడేదాని పేరెత్తితే మొహం చిట్లిస్తారు. సరే, కూర్చున్నవాళ్ళే వినండి.

కొండ కింద ఒక ఎర్రమట్టి చేను. చేను గట్టున కానుగ చెట్టు, దాని కింద గుంజ, గుంజ పక్కన రాతి కుడితి తొట్టి. గుంజకి కట్టేసి ఉండే ముసలి ఎద్దు పేరు మైలన్న. మంచివాడు. మంచివాడే గానీ, మాట అడిగితే జవాబుకి ఒక పూట పడుతుంది. ముందు నమలాలి, మింగాలి, మింగినదాన్ని మళ్ళీ పైకి తెచ్చుకుని నమలాలి, అప్పుడు గానీ నోరు విప్పడు. నాలాంటి తొందరమనిషి అతని పక్కన కాపరం పెడితే వారంలో పిచ్చెక్కి పోతుంది.

మైలన్న వీపు మీద పొద్దస్తమానం తిష్ఠ వేసేవాడు గోరింక ఓబులేసు. పసుపు ముక్కు, పసుపు కాళ్ళు, కళ్ళ చుట్టూ పసుపు. ఎద్దు ఒంటిని పట్టుకున్న పిడుదుల్ని ఏరి తింటాడు, అందుకు బదులుగా లోకంలోని కబుర్లన్నీ అతని చెవిలో వాగుతాడు. మాటకారి. వాడు మాట్లాడుతుంటే మనకి తెలియకుండానే తల ఊపేస్తాం.

ఇక చెట్టు మొదట్లో, రాలిన ఆకుల కింద ఉండేది నల్లమ్మ. మన పేడపురుగు. ఆమె పని ఏమిటంటే, తడి పేడని ఉండ చెయ్యడం, ఉండ చుట్టూ పల్చగా మన్ను మెత్తడం, పైన చిన్న బొక్క వదిలి అందులోంచి లోపలికి ఒక గుడ్డు పెట్టి, బొక్క మూసి, పక్కనే కాపలా కూర్చోవడం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ ఉండని లోపల్నించి తింటూ పెరుగుతుంది. వాన పడి పైన పెచ్చు మెత్తబడ్డాక దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. అప్పటిదాకా ఉండ మధ్యలో తడి ఆరకూడదు. ఆరిందా, లోపలున్న బిడ్డ కూడా ఆరిపోతుంది.

పోయినేడు అదే జరిగింది.

ఆ ఉండ రేగుపండంత. నల్లమ్మ దాని మీద పడ్డ ఎండని తన ఒంటితో కాసింది, ఆకులు కప్పింది, పూటపూటకీ తల ఆనించి విన్నది. లోపల్నించి గరగరమని బిడ్డ గీకే చప్పుడు వస్తుందని ఎదురుచూసింది. కొన్నాళ్ళు వచ్చింది కూడా. ఆ చప్పుడు వచ్చిన రోజుల్లో నల్లమ్మ తిండి తినడం కూడా మర్చిపోయేది. తర్వాత ఒకరోజు ఆగిపోయింది. వానలొచ్చాయి, చేలు తడిశాయి, చుట్టుపక్కల ఉండలన్నీ విచ్చుకున్నాయి. నల్లమ్మ ఉండ మాత్రం రాయైపోయి అట్లాగే ఉండిపోయింది.

దాన్ని ఆమె పారెయ్యలేదు. చెట్టు వేరు సందులో దాచుకుంది. సాయంత్రమైతే దాని పక్కన చేరి తల ఆనించి, "ఒక్కసారి గీకురా నాయనా, ఒక్కసారి," అని బతిమాలేది. చూసేవాళ్ళకి అదేదో వెర్రి. బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళని అడగండి, అది వెర్రో కాదో చెప్తారు. అన్నిటికంటే ఆమెని తినేసింది ఏమిటంటే, తన వల్లే పోయిందన్న దిగులు. సరిగా మెత్తలేదేమో, సరిగా కాయలేదేమో, తన చేతిలోనే ఏదో దోషం ఉందేమో.

ఈ ఏడు ఎండలు ముందే ముదిరాయి. కొండ కింద గడ్డి పరక లేదు. ఊళ్ళో గొడ్లన్నిటినీ కొండ మీది మేతకి తోలుకుపోతున్నారనీ, వానలు పడితే గానీ మళ్ళీ దించరనీ కబురొచ్చింది. పశువులు కొండెక్కాయంటే చేలల్లో తడి పేడ కంటికి కనపడదు. అది తెలిసే నల్లమ్మ గుండెలో రాయి పడింది.

బయల్దేరే ముందు రోజు పొద్దున మైలన్న పిలిచాడు.

"నల్లమ్మా, లేచినావా? రేపు తెల్లారి పోతున్నాం. ఇదిగో, నీ కోసమే. రాత్రంతా ఆపుకున్నా."

"మామా!" అంది నల్లమ్మ. అంటూనే ఏడ్చేసింది. అంత పెద్ద కుప్ప, అంత తడిగా, అంత మెత్తగా, ఆ ఎండల్లో ఎవరిస్తారు?

"ఏడవకు, ఏడవకు. ఎండ ఎక్కకముందే పని కానియ్యి."

నల్లమ్మ ఉండ చుట్టింది. నిమ్మకాయంత ఉండ! దాని వెనక నిలబడితే ఆమె కనపడటం లేదు. తర్వాత కుడితి తొట్టి కిందికి పోయి, కారిన తడికి మెత్తబడ్డ మన్నంతా ఊడ్చి తెచ్చింది. ఉండ చుట్టూ ఒక పూత పూయడానికి ఎంత మన్ను పడుతుందో ఆ జాతికి కంటిచూపుతోనే తెలిసిపోతుంది. సరిగ్గా అంత మన్ను పక్కన కుప్ప పోసుకుంది. తొట్టి కింద ఇక మిగిలింది పొడిమన్నే.

అప్పుడు ఓబులేసు ఎద్దు వీపు మీంచి కిందికి దిగాడు. ఉండ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. తల ఒక పక్కకి వంచి చూశాడు, ఇంకో పక్కకి వంచి చూశాడు.

"ఏం వదినా, ఒకటేనా?"

"ఒకటే ఓబులేసూ. ఇంత పెద్దది నా జన్మలో చెయ్యలేదు."

"పోయినేడు కూడా ఒకటే చేశావు కదా."

నల్లమ్మ కాళ్ళు ఆగిపోయాయి.

"కోప్పడకు వదినా, నీ మేలు కోరేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఉన్న ఆశంతా ఒక్కడి మీద పెట్టుకున్నావు. ఆ ఒక్కడికీ ఏదైనా అయిందనుకో, నీకేం మిగులుతుంది? వేరు సందులో ఇంకో ఎండుకాయ. అంతేగా?"

"మరేం చెయ్యమంటావయ్యా?" అంది నల్లమ్మ. ఆ గొంతు వింటేనే తెలుస్తుంది, గాలం గొంతులో దిగిందని.

"చిన్నవి చెయ్యి. దీని ఎత్తులో సగం ఎత్తు పెట్టుకో. ఎన్నొస్తాయనుకుంటున్నావు?"

"రెండు."

"రెండా! ఎనిమిది వదినా, ఎనిమిది!"

"పోవయ్యా, నీ ఎగతాళి నువ్వూనూ. సగం ఎత్తు పెడితే ఎనిమిదెట్లా వస్తాయి?"

"ఎత్తులో సగమైతే అడ్డంలోనూ సగమే, లోతులోనూ సగమే. చేసి చూసుకో. ఒక్కటి తక్కువొస్తే నా ముక్కు కోసి నీ చేతిలో పెడతా. ఎనిమిది మంది పిల్లలు! నలుగురు పోయినా నలుగురు మిగుల్తారు. ఏడుగురు పోయినా ఒకడు నిన్ను అమ్మా అంటాడు."

"తడి చాలొద్దూ?"

"అదే పేడ, అదే తడి. ఒక్క పిసరు బయటికి పోతోందా? ఒకదాంట్లో ఉన్న తడే ఎనిమిదింట్లోనూ ఉంటుంది. తూకం వేసుకున్నా తేడా రాదు."

చూశారా వాడి తెలివి? అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఎనిమిదీ వస్తాయి, పేడ తగ్గదు, తడీ తగ్గదు. ఇట్లాంటివాళ్ళంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాడి సంగతి వేరే ఉంది. నిమ్మకాయంత ఉండలో ముక్కు పెడితే మధ్యలో ఉన్న పిల్లని అందుకోవడం కష్టం. రేగుపండంత ఉండలో అయితే సగం ముక్కు దించితే చాలు, మెత్తని పిల్ల కొసకి తగులుతుంది. వాడి గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నాయి, అదీ నిజమే. అయితే మాత్రం ఇంకో తల్లి బాధని పట్టుకుని ఆడిస్తారా?

నల్లమ్మ ఎద్దు వైపు తిరిగింది. "మామా, నువ్వేమంటావు?"

మైలన్న దవడ ఆపాడు. ఆలోచించాడు. మళ్ళీ ఆడించాడు. "ఉండు తల్లీ. ఏదో తేడాగా ఉంది. నెమరేసి చెప్తా."

ఇదిగో, ఇక్కడే నాకు అతని మీద కోపం. కానీ ఏం చేస్తాం, ఎద్దు ఎద్దే.

నల్లమ్మ ఆగలేకపోయింది. ఎనిమిది అన్న మాట చెవిలో పడ్డాక ఆమెకి ఇంకేం వినపడలేదు. ఎనిమిది ఉండల దగ్గర తల ఆనించి వినొచ్చు. ఒకచోట చప్పుడు ఆగినా ఇంకోచోట వినిపిస్తుంది. పెద్ద ఉండని విరిచింది. చిన్నవి చుట్టింది. ఓబులేసు అన్నట్టే సరిగ్గా ఎనిమిదీ వచ్చాయి. చుడుతూ చుడుతూ పేర్లు కూడా పెట్టేసింది. ఎర్రోడు, బుడ్డోడు, చిట్టి, గుండోడు, సింగారి, మొండోడు, పోలి. ఆఖరిదానికి పేరు తోచలేదు. "సరే, నువ్వు ఇంకోడివి," అంది. నవ్వింది. ఏడాదిలో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఓబులేసు ఆ నవ్వు చూసి రెక్కలు విదిలించుకుని, పని అయిందనుకుని ఎగిరిపోయాడు.

మధ్యాహ్నానికి మన్ను మెత్తడం మొదలుపెట్టింది. ఎర్రోడికి మెత్తింది, బుడ్డోడికి మెత్తింది, చిట్టికి మెత్తింది, గుండోడికి మెత్తింది. సింగారి దగ్గరికొచ్చి కుప్పలో చెయ్యి పెడితే కుప్ప లేదు. మన్ను అయిపోయింది.

నల్లమ్మ తెల్లబోయింది. పొద్దున పెద్ద ఉండకి సరిపడా కొలిచి తెచ్చిన మన్ను. అదే పేడ. పూత మందం కూడా అంతే. మరి మన్నేమైంది?

"ఓబులేసూ! ఒరేయ్ ఓబులేసూ! నా మన్ను తీశావా?"

కొమ్మ మీంచి వాడు కిందికి చూశాడు. "నేనేమన్నా మన్ను తినేవాడిలా కనిపిస్తున్నానా వదినా?"

"మరి ఎవరు తీశారు? సగానికి సగం లేదు!"

"కొలత తప్పుంటుందిలే. పిల్లల ధ్యాసలో పడ్డావు. మన్ను లేకపోతేనేం, ఆకులు కప్పు. ఏం కాదు," అని వాడు మళ్ళీ ఎగిరిపోయాడు.

కొలత తప్పడమా? ఆ మాటకి నల్లమ్మకి కోపం రాలేదు, భయం వేసింది. పోయినేడు కూడా ఇట్లాగే ఎక్కడో తప్పు చేసిందేమో, అందుకే ఆ బిడ్డ పోయాడేమో. మన్ను లేని నాలుగు ఉండల మీద చెయ్యి వేసి చూసింది. పొద్దున మెత్తగా ఉన్న పేడ, అప్పుడే పైన పెచ్చు కట్టింది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

అప్పుడు, పొద్దు పడమటికి తిరిగాక, మైలన్న నోరు విప్పాడు.

"నల్లమ్మా. నీ మన్ను ఎవరూ తియ్యలేదు."

"మరేమైంది మామా?"

"నీ ఉండలకి తోలు పెరిగింది."

"తోలేంది?"

"మన రైతు పెళ్ళాం లింగమ్మ మధ్యాన్నం చేనికి రాగి సంగటి తెస్తుంది కదా, చూసినావా ఎప్పుడన్నా? మొగుడికి పెద్ద ముద్ద. చంటోడికేమో ఆ ముద్దలోంచే గిల్లి చిన్న చిన్న గోళీలు చేసి పెడుతుంది. ఒకే కుండలోది, ఒకేసారి పొయ్యి మీంచి దించింది. చంటోడి గోళీలు పెడుతుండగానే చల్లారిపోతాయి. మొగుడు చాలు దున్ని, చేతులు కడుక్కుని, వచ్చి ముద్ద విరిస్తే మధ్యలోంచి ఇంకా పొగ వస్తుంది. ఎందుకంటావు?"

"పెద్దది కాబట్టి."

"పెద్దదైతే ఏమి? వేడి తోలులోంచే కదా పోవాల. ముద్దని గిల్లేకొద్దీ లోపల దాక్కున్న సంగటంతా బయటికొచ్చి గాలికి కూచుంటుంది. సంగటి పెరగదు, తోలు పెరుగుతుంది. నీ తడి కూడా అంతే. అది పోయేది తోలులోంచే."

నల్లమ్మ మన్ను మెత్తిన నాలుగింటి వైపు చూసింది, మన్ను అందని నాలుగింటి వైపు చూసింది. పుట్టినప్పటి నుంచీ ఉండలు చుడుతున్న పురుగు. చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన పని లేదు.

"పెద్దదానికి తెచ్చిన మన్ను నాలుగింటికి సరిపోయింది," అంది మెల్లగా. "అంటే పెద్దదాని తోలు నాలుగు చిన్నవాటి తోలంత. కానీ దాని పొట్టలో ఎనిమిదింటి పేడ ఉంది."

"అదీ. ఎత్తు రెండింతలు చేస్తే తోలు నాలుగింతలే అవుతుంది, పొట్ట మాత్రం ఎనిమిదింతలు. పెద్దయ్యేకొద్దీ పొట్ట ముందుకి పరిగెత్తుతుంది, తోలు వెనకబడిపోతుంది. చిన్నదయ్యేకొద్దీ పిసరంత పొట్ట, దాని చుట్టూ బోలెడంత తోలు. చలికాలం మా దూడ గోనెపట్టా కప్పినా వణుకుతుంది, నేను ఒట్టి ఒంటితో నిలబడతా. నేనేమన్నా దానికంటే మొనగాడినా? కాదు. లావుగా ఉన్నానంతే."

నల్లమ్మ వేరు సందులోకి పోయి పోయినేటి ఉండని దొర్లించుకుంటూ తెచ్చింది. తెచ్చి ఎనిమిదింటి పక్కన వరసలో పెట్టింది. చూసింది. అదే పరిమాణం. వెంట్రుకవాసి తేడా లేదు.

"మామా, వాడిది కూడా ఇంతే ఉంది."

"ఇంతే. ఆ ఏడు నాకు మేత చాలలేదు. చిన్న పేడ వేసినా."

"అయితే నా చేతిలో దోషం లేదా? నేను సరిగా కాయలేదని కాదా?"

"నీ చెయ్యి బంగారం తల్లీ. ఉండ చిన్నది. అంతే."

నల్లమ్మ ఆ రాతి ఉండని కాళ్ళతో చుట్టేసి ఏడ్చింది. ఏడాది పొడుగునా మోసిన బరువు కదా, దిగేటప్పుడు ఏడుపు రాకుండా ఉంటుందా? మైలన్న చూపు పక్కకి తిప్పుకుని ఈగల్ని తోలుకున్నాడు.

"ఇంకోటి కూడా నెమరేసినా," అన్నాడు కాసేపయ్యాక. "వాడెందుకు చిన్నవి చెయ్యమన్నాడో. ఒకసారి వాడి ముక్కు పొడుగు తలుచుకో."

నల్లమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. తలుచుకుంది. చిన్న ఉండ మీద ఆ పసుపు ముక్కుని ఊహించుకుంది. కోపంతో ఆరు కాళ్ళూ నేలకేసి కొట్టింది.

"ఓరి నీ ముక్కు కాలా," అంది.

ఇప్పుడు చెయ్యాల్సింది తేలిపోయింది. తేలిపోవడం వేరు, చెయ్యడం వేరు. ఎనిమిది పేర్లు పెట్టేసింది కదా. ఎవరి మీద ఎవర్ని కలపాలి? ఆఖరికి చేతికి దగ్గరగా ఉన్న ఇంకోణ్ణి మధ్యలో పెట్టుకుంది. పేరు కూడా సరిగా పెట్టనివాడు. తర్వాత ఒక్కొక్కటే దొర్లించుకొచ్చి, "రా ఎర్రోడా," అంటూ దాని మీద అద్దింది. "రా బుడ్డోడా. రావే చిట్టీ." పొద్దున పుట్టిన పేర్లు పొద్దు గుంకేలోపు ఆమె చేతుల్లోనే కరిగిపోయాయి. పుట్టని పిల్లలే గానీ, ఆమె మనసులో వాళ్ళ చప్పుడు అప్పటికే విన్నది. పోలిని మాత్రం పేరు పెట్టి పిలవలేదు. ఊరికే అద్దేసింది.

పైపెచ్చు ఎండిపోయి పేడ అతుక్కోవడం లేదు. మైలన్న మెడ చాచి, మూతి కిందికి దించి, జొల్లు కార్చాడు. "కలుపుకో," అన్నాడు. సిగ్గుపడాల్సిన పనేం లేదు, అది అమృతం. పేడ మెత్తబడింది. మళ్ళీ నిమ్మకాయంత ఉండ లేచింది.

నల్లమ్మ దాని వెనక నిలబడి ఓబులేసు ముక్కుని మళ్ళీ తలుచుకుంది. అందకపోవచ్చు. కానీ వాడు గట్టిగా దిగ్గొడితే కొస తగిలినా తగులుతుంది. ఇంకో పొర ఉంటే బాగుండు. పేడ లేదు.

పోయినేటి ఉండ ఒకటి ఉంది.

చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత దాని మీద తల ఆనించి విన్నది. లోపల ఏ చప్పుడూ లేదు. "నాయనా," అంది, "నిన్ను కాసుకోవడం నాకు చేతకాలేదనుకున్నా. కాదంట. నువ్వొకసారి నాకు సాయం చెయ్యి." గట్టిగా నూకింది. రాతి తొట్టికి కొట్టుకుని అది పగిలి పెళ్ళలుగా రాలింది. ఆ పెళ్ళల్ని ఒక్కొక్కటే జొల్లులో నానబెట్టి కొత్త ఉండ చుట్టూ పొరగా పేర్చింది. దాని మీద, నాలుగింటి నుంచి గీకి తీసిన మన్ను మెత్తింది. ఇప్పుడు మన్ను సరిపోయింది. చివర పూత కాస్త పల్చనైంది గానీ, సరిపోయింది. గుడ్డు పెట్టింది. బొక్క మూసింది. కానుగాకులు కప్పింది.

తెల్లారి కాపరి వచ్చి గుంజ తాడు విప్పాడు. మైలన్న రెండడుగులు వేసి ఆగాడు.

"నేనొచ్చేసరికి నీ బిడ్డ నా కాళ్ళ కింద తిరుగుతుండాల."

"చూసుకుని అడుగెయ్యి మామా," అంది నల్లమ్మ.

గొడ్లు కొండెక్కాయి. చేలు బోడిగా మిగిలాయి. ఓబులేసు మాత్రం కొండకి పోలేదు. కొన్నాళ్ళు ఓపిక పట్టాడు, లోపల పిల్ల కొవ్వెక్కాలి కదా మరి. తర్వాత ఒక పూట తీరిగ్గా దిగాడు.

"వదినా, పిల్లలు కులాసానా?"

"కులాసానే ఓబులేసూ."

"నేను చెప్పినట్టే చేశావా?"

"నువ్వు చెప్పాక కాదంటానా? చెప్పినట్టే ఎనిమిది చేశా. ఒక్క పిసరు పేడ కూడా బయటికి పోలేదు. ఆ ఆకుల కిందే ఉన్నాయి అన్నీ."

"ఒకసారి చూసిపోతా. నా బిడ్డల్లాంటివాళ్ళు కదా."

"చూడు నాయనా, చూడు."

వాడు ఆకు కూడా తియ్యలేదు. పల్చని తోలు, ఇట్టే దిగుతుందనుకుని, ఉన్న బలమంతా పెట్టి ఆకుల మీంచే ముక్కు దిగ్గొట్టాడు. మన్ను చిట్లింది. కింద పోయినేటి పెళ్ళలు. ఏడాది పాటు ఎండి రాయైన పెళ్ళలు, జొల్లుతో అతుక్కుని, మళ్ళీ ఎండి, రెట్టింపు రాయైన పెళ్ళలు. ముక్కు వాటి సందులో దిగింది. దిగి, అక్కడే ఇరుక్కుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు.

"ఊఁ! ఊఁ ఊఁ!" అన్నాడు ఓబులేసు. లోకంలోని కబుర్లన్నీ చెప్పే నోటికి ఇప్పుడు అదొక్కటే మాట.

"ఎనిమిదీ ఉన్నాయిరా," అంది నల్లమ్మ. "అదే పేడ, అదే తడి. తూకం వేసుకున్నా తేడా రాదు. ఒకదాంట్లోనే ఉన్నాయంతే."

వాడు రెక్కలు కొట్టుకున్నాడు, గుండ్రంగా తిరిగాడు, కాళ్ళు తన్నుకున్నాడు. చివరికి ముక్కు కొస కాస్త విరిగి అక్కడే ఉండిపోతే గానీ బయటపడలేదు. బయటపడి, ఏడుపు మొహంతో, "నాకూ పిల్లలున్నారు వదినా," అన్నాడు.

"ఉన్నారు కదా. మరి నీకు తెలిసుండాలి," అంది నల్లమ్మ.  పురుగులకేం, చేలల్లో మిడతలు బోలెడు. కాస్త ఒళ్ళు వంచితే దొరికేవే. ఆ వేసవంతా వాడు వాటినే పట్టుకున్నాడు, నోరు మూసుకుని.

నల్లమ్మ ముక్కు దిగిన చోట ఉమ్మి పూసి మూసింది. తర్వాత కూర్చుంది. ఎదురుచూపు గురించి నేనేం చెప్పను. ఎండ మండింది. కొండ మీంచి గాలి వచ్చినప్పుడల్లా మెడగంటలు వినపడ్డట్టు ఉండేది, వినపడేవి కావు. పూటపూటకీ తల ఆనించి విన్నది. గరగరమని వచ్చిన మొదటి రోజు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది, పోయినేడు కూడా వచ్చింది కదా అని. ఒక్కో రోజు చప్పుడు ఆలస్యమైతే తన ఒంట్లో ప్రాణం ఉండేది కాదు. "గీకురా ఇంకోడా," అని బతిమాలేది. పోయినేటి చప్పుడు ఆగిపోయిన కాలం వచ్చింది. నల్లమ్మ ఉండ మీద నుంచి తల ఎత్తలేదు. ఆ కాలం దాటింది. చప్పుడు ఆగలేదు. ఉండ మధ్యలో తడి, సంగటి ముద్ద మధ్యలో వేడిలాగా, అట్లాగే ఉంది.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. చినుకు పడింది. మట్టి వాసన లేచింది. తెల్లారేసరికి కొండ దారిలో నిజంగానే మెడగంటలు మోగాయి, అదే పూట ఉండ పైన పెచ్చు కదిలింది. ముందు మన్ను ఊడింది. తర్వాత పోయినేటి పెళ్ళలు ఒక్కొక్కటే రాలాయి, దారి ఇస్తున్నట్టు పక్కకి పడ్డాయి. వాటి నడుమ నుంచి నల్లగా నిగనిగలాడుతూ ఒక తల బయటికొచ్చింది.

"అమ్మా," అంది ఆ తల.

నల్లమ్మ వాడి వీపు మీది మన్ను దులుపుతూ ఉండిపోయింది.

మైలన్న చూసుకుని చూసుకుని అడుగులేస్తూ వచ్చి గుంజ దగ్గర నిలబడ్డాడు. కింది నుంచి వాడు ఆ కాళ్ళని చూసి హడలిపోయి తల్లి వెనక దాక్కున్నాడు.

"ఏం పేరు పెట్టినావు?" అన్నాడు మైలన్న.

"ఇంకోడు."

పిల్లవాడు మొహం చిట్లించాడు. "అదేం పేరమ్మా? ఇంకోడంటే ముందొకడు ఉండాలి కదా. వాడేడీ?"

నల్లమ్మ రాలిపడ్డ పెళ్ళలోంచి ఒకటి ఏరి వాడి చేతిలో పెట్టింది. దాని సందులో పసుపు ముక్కు కొస ఇంకా ఇరుక్కునే ఉంది.

"వీడే మీ అన్న," అంది. "వాన వచ్చేదాకా నీ ఉండ బయట నిలబడింది వీడే."

ఇక నీతి చెప్పాలి కదా: దాచుకోవాల్సింది ఏదైనా ఉంటే దాన్ని గిల్లి గిల్లి ఎండకి పెట్టకండి, ఒక్కచోట పెద్దగా చుట్టి పెట్టుకోండి.